ఇంకో ఏడాది ఉంటే ఏం మారుతుంది?

విశాఖలో డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల కళాశాల వక్తృత్వ పోటీలో ‘పరాయి గడ్డ మీద ఉన్న సైన్యాన్ని కొనసాగించాలా, వెనక్కి పిలవాలా’ అన్న అంశం ఇచ్చారు. చీటీ తీస్తే అతనికి ‘కొనసాగించాలి’ అన్న పక్షం వచ్చింది. మూడు వాదనలు సిద్ధం చేసుకున్నాడు. 2021లో అమెరికా వెళ్లిపోగానే కాబూల్ కూలింది. 1990లో మన సైన్యం శ్రీలంక వదిలి రాగానే అక్కడ మళ్లీ యుద్ధం మొదలైంది. జపాన్, జర్మనీలు అమెరికా సైన్యం ఉండబట్టే బాగుపడ్డాయి. “ఇవి చాలవా సార్? మధ్యలో వదిలేసి వస్తే చనిపోయిన జవాన్ల త్యాగానికి అర్థం ఏముంటుంది?” అని ముగించాడు.

చాలవు బాబూ. మూడూ చప్పట్లు కొట్టించే వాదనలే, కానీ ఎదుటి పక్షంలో కాస్త చదివి వచ్చిన వాడు ఒక్కడున్నా మూడూ నిలబడవు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం నీ ఇష్టం. శ్రీలంక నుంచి మన సైన్యం తిరిగి రావడం సరైన నిర్ణయం. తిరిగి వచ్చిన తీరులో మాత్రం మనం తల దించుకోవలసింది ఉంది. రావాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, ఎలా రావాలి అన్నది ఇంకో ప్రశ్న. టీవీ చర్చల నుంచి పార్లమెంటు దాకా అందరూ ఈ రెండింటినీ కలిపేసి, రెండోదానిలో జరిగిన తప్పు చూపించి మొదటిదాని మీద తీర్పు చెప్పేస్తారు. నీ మొదటి రెండు వాదనల్లో ఉన్న లోపం అదే.

నేను నౌకాదళంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. భారత శాంతి సేన శ్రీలంకలో ఉన్న కాలంలో అక్కడికి మనుషులను, సరుకును చేరవేసిన ఓడల్లో ఒకదాని మీద సరఫరా లెక్కలు చూశాను. అక్కడి తమిళుల పట్టణం జాఫ్నా వీధుల్లో తుపాకీ పట్టుకుని తిరిగిన అనుభవం నాది కాదు, ఆ సంగతులు తిరిగిన వాళ్లే చెప్పాలి. నా చేతిలో ఉన్నది లోడింగ్ లిస్టు. సైన్యం ఎందుకు వెళుతోందో ప్రధానమంత్రి ప్రసంగంలో వినవచ్చు. ఎన్నాళ్లు ఉండబోతోందో తెలియాలంటే మాత్రం లోడింగ్ లిస్టు చూడాలి.

1987 ఆగస్టులో ఎక్కించినవి గుడారాలు, బియ్యం, పప్పు, మందులు, మందుపాతరలు తీసే సరంజామా. కొన్ని వారాల పని అన్నట్టే ఉండేది ఆ జాబితా. అక్టోబరు దాటాక ముళ్లకంచె చుట్టలు, మోర్టారు గుండ్లు, ఖాళీ ఇసుక బస్తాలు వచ్చి చేరాయి. బస్తాలు ఖాళీగానే వెళ్లేవి, ఇసుక అక్కడ దొరుకుతుంది కదా. మరుసటి వేసవికి జాబితాలో బల్లలు, కుర్చీలు, జనరేటర్లు, సీలింగ్ ఫ్యాన్లు కనిపించడం మొదలైంది. ఒకసారి వాలీబాల్ నెట్లు కూడా ఎక్కించాం. ఫ్యాన్లు వెళుతున్నాయంటే ఆ సైన్యం తిరుగు ప్రయాణం గురించి ఆలోచించడం మానేసిందని అర్థం. ఫ్యాను కింద కూర్చోవద్దని ఏ జవానుకూ చెప్పలేం, అది వేరే సంగతి. కానీ ఇక్కడ తేదీ లేదు, పని ఎప్పుడు పూర్తయినట్టో ఎవరికీ తెలియదు అన్నది నాకు మొదట తట్టింది పేపర్లు చదివి కాదు, ఆ కాగితాలు చూసి.

అసలు ఎలా వెళ్లామో క్లుప్తంగా చెబుతాను, నీ తరానికి ఇది పాఠాల్లో ఉండదు. 1987 జూన్ 4న మన విమానాలు జాఫ్నా మీద ఆహార పొట్లాలు జారవిడిచాయి. అంతకు ముందు పడవల్లో పంపిన సాయాన్ని శ్రీలంక నౌకాదళం వెనక్కి తిప్పింది. జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తుండగా ఒక లంక నావికుడు తుపాకీ మడమతో రాజీవ్‌ను కొట్టాడు. అదే రోజు సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న మన 54వ పదాతి డివిజన్ జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగడం మొదలుపెట్టింది. మొదట్లో జాఫ్నా జనం మన జవాన్లకు పూలదండలు వేశారు. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈ ఆయుధాలు అప్పగించాలి, తమిళ ప్రాంతాలకు అధికారాలు రావాలి, మన వాళ్లు మధ్యలో కాపలా ఉండాలి. కాగితం మీద అంతే.

ఆ ఒప్పందం బెడిసికొట్టి, అక్టోబరుకల్లా అదే సైన్యం ఎల్‌టీటీఈ చేతిలోని జాఫ్నా మీద దాడికి దిగింది. అక్టోబరు 12 తెల్లవారుజామున జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో 30 మందికి 29 మంది చనిపోయారు. అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు రోగులు, డాక్టర్లు, నర్సులు బలయ్యారు. లోపలి నుంచి తమ మీద కాల్పులు జరిగాయని సైన్యం అంది. అప్పటికే ఎల్‌టీటీఈ వాళ్లు వెళ్లిపోయారని బతికి బయటపడిన వాళ్లు అన్నారు. పట్టణం చేతికొచ్చేసరికి నెలాఖరు అయింది. ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ మనుషులు వన్ని అడవుల్లోకి తప్పుకున్నారు.

చట్టం దృష్టిలో మనది ఆక్రమణ కాదు. 1907 నాటి హేగ్ నిబంధనలు ఆక్రమిత ప్రాంతం అనేది శత్రు సైన్యం అధికారం కిందికి వచ్చిన నేలను, మనం వెళ్లింది ఆ దేశాధ్యక్షుడు పిలిస్తే. పోటీలో ఎదుటి వాళ్లు ఈ మాట ఎత్తితే ఒప్పేసుకో. ఎందుకంటే చెక్‌పోస్టు దగ్గర సంచీ విప్పి చూపిస్తున్న ముసలమ్మకు ఆ తేడా ఎలాగూ కనపడదు. పిలుపు మీద వచ్చిన సైన్యమైనా ఏడాది గడిచాక అదే చెక్‌పోస్టు, అదే సోదా, రాత్రి తలుపు మీద అదే చప్పుడు.

ఇప్పుడు నీ రెండో వాదన. మన సైన్యం చివరి దళం ట్రింకోమలీ నుంచి 1990 మార్చి 24న బయల్దేరింది. జూన్‌లో మళ్లీ యుద్ధం. తూర్పు ప్రాంతంలో లొంగిపోయిన పోలీసులను 600 మందికి పైగా ఎల్‌టీటీఈ చంపింది. అక్టోబరులో ఉత్తరాది ముస్లింలను మూటా ముల్లె సర్దుకోనివ్వకుండా తరిమేసింది. నిజమే, ఇదంతా మనం వచ్చేశాకే జరిగింది. అయితే నువ్వు చూపించవలసింది వేరు. మనం ఇంకో ఏడాది ఉంటే అది జరిగేది కాదని చూపించాలి. అక్కడే నీ వాదన నీరుగారిపోతుంది.

ఎందుకో చెబుతాను. మన వాళ్ల సంఖ్య ఒక దశలో లక్షకు దగ్గరగా చేరింది. 1,100 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఒక పక్క ఎల్‌టీటీఈ చిక్కిపోతూనే ఉంది, ఆ మాట నేను కాదనను. 1988 నవంబరులో ఈశాన్య రాష్ట్ర మండలికి ఎన్నికలు కూడా జరిగాయి, వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యారు. కానీ ఆయన ప్రభుత్వానికి పోలీసు అధికారాలు రాలేదు, భూమి మీద అధికారాలు రాలేదు. ఇవ్వవలసింది కొలంబో, మన సైన్యం నిలబడింది జాఫ్నాలో. జాఫ్నాలో ఎంత గట్టిగా నిలబడినా కొలంబో చేత సంతకం పెట్టించలేం. పైగా ఉత్తరాన కాపలా మనం కాస్తున్నాం కాబట్టి లంక సైన్యానికి దక్షిణాన సింహళ వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటును అణచడానికి చేతులు ఖాళీ అయ్యాయి. ఆ జేవీపీకి బలం ఎక్కడిది? భారత సైన్యం మన గడ్డ మీద ఉంది, భారత వస్తువులు కొనవద్దు అన్న ప్రచారం నుంచి. అంటే ఉత్తరాదిలో ఒక తిరుగుబాటును అణుస్తూ దక్షిణాదిలో ఇంకో తిరుగుబాటుకు మేత మనమే వేశాం.

1989 జూన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస జూలై చివరికల్లా వెళ్లిపొమ్మన్నాడు. పిలిచిన ఇంటి వాడే పొమ్మన్నాక ఇక ఉండటానికి ఆధారం ఏముంది? ఆయన ప్రభుత్వం అంతటితో ఆగలేదు, మన మీద పోరాడటానికి ఎల్‌టీటీఈకే ఆయుధాలు అందించింది. అదే ఎల్‌టీటీఈ 1993 మే డే నాడు ఆయన్ను ఆత్మాహుతి దాడిలో చంపింది. ప్రేమదాస పొమ్మన్న 1989లో మన విదేశాంగ మంత్రి పీవీ నరసింహారావు. తేదీ పెట్టి పొమ్మంటే పోతామా అన్న పట్టుదల ఢిల్లీలో గట్టిగానే ఉండేది. తమిళుల భద్రతకు ఒప్పందం ప్రకారం మాకూ బాధ్యత ఉంది, అధికారాల బదిలీ పూర్తి కాలేదు అన్నది మన వైపు వాదన. వాదనగా అది బాగానే ఉంది. కానీ ఆ బదిలీ ఎప్పుడు పూర్తవుతుందో చెప్పగలిగే స్థితిలో ఢిల్లీలో ఎవరూ లేరు. 1989 సెప్టెంబరులో రెండు ప్రభుత్వాలూ ఉపసంహరణకు ఒప్పుకున్నాయి. ఇది గుర్తు పెట్టుకో, ఎందుకంటే వీపీ సింగ్ అధికారంలోకి రాగానే పిరికితనంతో వెనక్కి పిలిచాడని ఎదుటి వాళ్లో, నీ పక్షం వాళ్లో తప్పకుండా అంటారు. ఒప్పుకున్నది రాజీవ్ ప్రభుత్వం. పూర్తి చేసింది వీపీ సింగ్ ప్రభుత్వం.

నౌకాదళం వాడిగా ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఒప్పందంతో పాటు ఇద్దరు నాయకులూ ఇచ్చిపుచ్చుకున్న లేఖల్లో ట్రింకోమలీ రేవు ప్రస్తావన ఉంది. భారతదేశ ప్రయోజనాలకు భంగం కలిగించేలా ఆ రేవును ఇతర దేశాల సైన్యాలకు వాడుకోనివ్వకూడదని, అక్కడి చమురు ట్యాంకులను భారత్‌తో కలిసి బాగుచేయాలని రాసుకున్నారు. విశాఖలో తూర్పు నౌకాదళ కార్యాలయంలో కూర్చుని మ్యాపు చూసే వాడికి ఒప్పందంలో అన్నిటికంటే బరువైన ముక్క అదే. మరి ఆ ట్యాంకులు ఎప్పుడు మన చేతికొచ్చాయి? సైన్యం ఉన్నప్పుడు రాలేదు. 2003లో, అక్కడ మన సైనికుడు ఒక్కడూ లేని కాలంలో, ఇండియన్ ఆయిల్ అనుబంధ సంస్థ వ్యాపార ఒప్పందం మీద తీసుకుంది. ఒకప్పుడు మన మీద అంత విషం కక్కిన జేవీపీ నాయకుడు అనుర కుమార దిస్సనాయకే 2024లో అధ్యక్షుడై మొదటి విదేశీ పర్యటనకు ఢిల్లీ వచ్చాడు. సైన్యం ఉంటేనే పలుకుబడి ఉంటుందన్న వాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఇక తల దించుకోవలసిన సంగతి. 1989లో మనం వచ్చేసే ముందు, పెరుమాళ్ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి తమిళ జాతీయ సైన్యం పేరుతో ఒక దళాన్ని హడావిడిగా తయారుచేశారు. కుర్రాళ్లను దారిలో ఆపి, ఇళ్లలోంచి లాక్కొచ్చి చేర్చుకున్నారు. తుపాకీలు, కొద్దిపాటి శిక్షణ మనవి. అంపారై నుంచి మొదలుపెట్టి ఒక్కో జిల్లా మనం ఖాళీ చేస్తుంటే వెనకే ఎల్‌టీటీఈ వచ్చి ఆ కుర్రాళ్లను ఊడ్చేసింది. తిరుగు ప్రయాణంలో మా ఓడ మీద శ్రీకాకుళం వైపు జవాను ఒకతను ఉండేవాడు. ట్యాంక్ డెక్కులో లారీలను గొలుసులతో బిగిస్తున్నారు, డీజిల్ పొగ కళ్లు మండిస్తోంది. అతను వచ్చి ఈ ఓడ వైజాగ్ పోతుందా, మద్రాసేనా అని అడిగాడు. మద్రాసే అన్నాను. అయితే ఆమదాలవలసకు రైలు ఎన్నింటికి అన్నాడు. కాసేపటికి, అడగకుండానే, తమ కంపెనీకి తమిళం నుంచి హిందీలోకి మాట తర్జుమా చేసి పెట్టిన కుర్రాడి గురించి చెప్పాడు. రేవు దాకా వచ్చాడట. తనను కూడా ఎక్కించుకోమన్నాడట. జాబితాలో పేరు లేనివాణ్ణి ఎక్కించడం కుదరదన్నారు. “చేతిగడియారం ఇచ్చేసి వచ్చాను సార్, ఇంకేం చేయగలను” అన్నాడు.

కొందరిని తెచ్చాం, అది కూడా చెప్పాలి. పెరుమాళ్ పార్టీ వాళ్లను, వాళ్ల కుటుంబాలను ఓడల్లో తరలించారు. తమిళనాడు ప్రభుత్వం దింపుకోవడానికి ఒప్పుకోకపోతే మన మన్యానికి అవతల ఒడిశాలోని మల్కన్‌గిరిలో శిబిరం పెట్టారు. మద్రాసులో తిరిగొచ్చిన సైన్యానికి స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. పెరుమాళ్ పార్టీ నాయకుడు పద్మనాభను 1990 జూన్‌లో మద్రాసులోనే కాల్చి చంపారు. రాజీవ్ గాంధీ సంగతి మన ఊరి వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1991 మే 21న విశాఖలో ప్రచారం ముగించుకుని, విమానంలో వచ్చిన లోపం సరిచేయించుకుని మద్రాసు వెళ్లారు. ఆ రాత్రే శ్రీపెరంబుదూర్. మళ్లీ ప్రధాని అయితే మళ్లీ సైన్యాన్ని పంపుతారన్న భయంతోనే ఎల్‌టీటీఈ ఆయన్ను చంపిందని దర్యాప్తులో తేలింది. ఇవన్నీ చూపించి, చూశారా, వచ్చేయబట్టే ఇంత జరిగింది అంటే నేను ఒప్పుకోను. వెళ్లిన తీరు, ఉన్న తీరు, వదిలిన తీరు కలిసి తెచ్చిన ఫలితం అది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఇప్పుడు అనడం సులువే. కానీ నీకిచ్చిన అంశం తొక్కాక ఏం చేయాలన్నది.

త్యాగానికి అర్థం ఏమిటని అడిగావు. కోప్పడకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. చనిపోయిన వాడి పేరు చెప్పి బతికున్న వాణ్ణి అక్కడే ఉంచడం ఆ చనిపోయిన వాడికి గౌరవం కాదు. మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబరు 25న ఛాతీలో గుండు దిగిన తరవాత కూడా పోరాడి చనిపోయాడు, పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన ధైర్యం 1990లో మనం తిరిగొచ్చినందుకు తగ్గిపోయిందా? ఇంకో మూడేళ్లు ఉండి ఇంకో వెయ్యి మందిని పోగొట్టుకుంటే పెరిగేదా? ఈ వాదనకు ఒక దుర్గుణం ఉంది. నష్టం పెరిగేకొద్దీ అది బలపడుతుంది. కాబట్టి ఎప్పటికీ ఆగదు. దీన్ని నీ ప్రసంగంలోంచి తీసేయ్.

కాబూల్ సంగతికి వద్దాం. అఫ్గానిస్తాన్ నుంచి ఒక్క సైన్యం కాదు, రెండు సైన్యాలు వెళ్లిపోయాయి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టిన వాడు నీ వాదనను సులువుగా తిప్పికొడతాడు. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న వెళ్లింది. వాళ్ల అండతో కాబూల్‌లో ఉన్న నజీబుల్లా ప్రభుత్వం వారాల్లో కూలుతుందని అందరూ అన్నారు. మార్చిలో జలాలాబాద్ మీద ఆ ప్రభుత్వంతో పోరాడుతున్న ముజాహిదీన్లు విరుచుకుపడి ఓడిపోయారు. నజీబుల్లా 1992 ఏప్రిల్ దాకా నిలిచాడు, అంటే సోవియట్ యూనియనే పోయి డబ్బు, ఇంధనం, గుండ్లు ఆగిపోయేదాకా. 2021లో అమెరికా ఇంకా పూర్తిగా వెళ్లకముందే, ఆగస్టు 15న కాబూల్ పోయింది. తేడా సైనికుల సంఖ్యలో లేదు. దోహాలో 2020 ఫిబ్రవరి 29న అమెరికా సంతకం చేసింది తాలిబాన్లతో. కాబూల్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ కూడా వేయలేదు. అఫ్గాన్ విమానాలను మరమ్మతు చేసే విదేశీ కాంట్రాక్టర్లు సైన్యంతో పాటే వెళ్లిపోయారు. విమానం ఎగరకపోతే కొండల మధ్య ఉన్న కాపలా దళానికి గుండ్లు అందవు, అన్నం అందదు. జూలై మొదట్లో బగ్రామ్ స్థావరాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేశారు. ఆ తరవాత అఫ్గాన్ సైనికుడు ఎవరి కోసం నిలబడాలి?

దీనికి నీ పక్షం వాళ్లు ఒక జవాబు చెబుతారు, అది తీసిపారేయదగ్గది కాదు. చివరి ఏడాది అక్కడ ఉన్నది 2,500 మంది అమెరికా సైనికులే, నష్టాలు దాదాపు లేవు, అంత చౌకగా నిలబెట్టగలిగినప్పుడు ఎందుకు వదిలేయాలి అని. బాగుంది. కానీ నష్టాలు ఎందుకు లేవు? వెళ్లిపోతామని సంతకం చేశారు కాబట్టి తాలిబాన్లు వాళ్ల జోలికి రాలేదు. గడువు దాటి ఉండి ఉంటే ఆ 2,500 మంది సరిపోయేవారు కాదు. మళ్లీ ఓడలు, మళ్లీ విమానాలు.

ఇరాక్ మీద ఎక్కువ సమయం పెట్టకు. 2011లో ఒబామా వెనక్కి పిలిచాడు, 2014లో మోసుల్ నగరం ఐసిస్ చేతికి పోయింది అంటారు. 2011 గడువు మీద 2008లో సంతకం చేసింది బుష్ ప్రభుత్వం. ఇక్కడా మనకు తెలిసిన కథే, సంతకం ఒకరిది, నింద ఇంకొకరికి. అసలు తప్పు 2003 మేలో ఇరాక్ సైన్యాన్ని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసినప్పుడు జరిగింది.

జపాన్ గురించి నువ్వు చెప్పింది సగమే. ఆక్రమణ 1945లో మొదలై 1952 ఏప్రిల్ 28న ముగిసింది, ఏడేళ్లు కూడా నిండలేదు. చక్రవర్తి అలాగే ఉన్నాడు, గుమాస్తా నుంచి కార్యదర్శి దాకా ప్రభుత్వ యంత్రాంగం అలాగే ఉంది. అమెరికా సైనికుడి మీద చెట్టు చాటు నుంచి తుపాకీ పేల్చిన వాడు లేడు. అంటే బయటి సైన్యం అక్కడ దేశాన్ని కట్టలేదు, ఉన్న దేశాన్ని మళ్లీ నడిపించింది. దక్షిణాన ఉన్న ఒకినావా దీవిని మాత్రం 1972 దాకా వదల్లేదు, స్థావరాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నిరసనలూ ఆగలేదు. జపాన్ ఉదాహరణ కావాలంటే ఒకినావాతో కలిపి చెప్పు.

మనకు దగ్గరి ఉదాహరణ ఢాకా. 1971 డిసెంబరు 16న లొంగుబాటు, 93 వేల మంది యుద్ధఖైదీలు. మన సైన్యం 1972 మార్చి 12న వీడ్కోలు కవాతు చేసి వచ్చేసింది. మూడు నెలలు కూడా కాలేదు. ముజీబుర్ రహమాన్ అడిగాడు, ఇందిరా గాంధీ ఒప్పుకుంది. తాళాలు అందుకోవడానికి జనం నమ్మిన మనిషి ఉన్నాడు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఫొటోలు తీసుకునే వాళ్లకు 1971లో గెలిచిన సంగతి తెలుసు. గెలిచిన వెంటనే తిరిగి వచ్చాం కాబట్టే అది గెలుపుగా మిగిలిందని నా నమ్మకం. ఏడాది ఉండి ఉంటే ఢాకాలోనూ మనకో చెక్‌పోస్టు, మనకో జేవీపీ తయారయ్యేవి.

ఇజ్రాయెల్ సైన్యం ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ విషయంలో ఒక్క తేడా పట్టుకో. భద్రత కోసం తాత్కాలికంగా ఉన్నామని చెప్పే సైన్యం తన పౌరులను తెచ్చి అక్కడ ఇళ్లు కట్టించదు. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణం అది కూడదంటుంది. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం అక్కడ ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా ముగించాలని అభిప్రాయం చెప్పింది. గాజా నుంచి 2005లో వెళ్లిపోతే ఏమైందో చూశారుగా అని ఎవరైనా అంటే, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరికీ అప్పగించకుండా వెళ్లారని చెప్పు. అది మళ్లీ ‘ఎలా’ అన్న ప్రశ్నే.

సరే, చీటీలో వచ్చిన పక్షం మారదు, ఏదో ఒకటి చెప్పి గెలవాలి. అయితే నీ దగ్గర ఉన్న బలమైన ముక్క సెర్బియా నుంచి విడిపోయిన కొసావో, నువ్వు అదే తేలేదు. 1999 జూన్‌లో భద్రతా మండలి 1244వ తీర్మానంతో నాటో సైన్యం అక్కడికి వెళ్లింది. దాదాపు 50 వేల మందితో మొదలై ఇప్పుడు కొన్ని వేలకు తగ్గింది, కానీ ఉంది. అక్కడి అల్బేనియన్లలో ఎక్కువ మంది ఉండమనే అంటారు. ఇంకో ఏడాది ఉంటే ఏం మారుతుంది అని ఎదుటి వాడు నిన్ను అడిగితే, మారకుండా ఉండటమే అక్కడ పని అని చెప్పవచ్చు. సెర్బియా సైన్యం తిరిగి రాకుండా ఉండటం, పోలీసు, కోర్టు, ఎన్నిక ఒక్కొక్కటిగా వాళ్ల చేతికి వెళ్లడం. సంఖ్య ఏటేటా తగ్గాలి, పెరగకూడదు. పెరుగుతుంటే నీ వాదన పోయినట్టే.

ఇందులోనూ ముల్లు ఉంది. 2004 మార్చిలో నాటో సైన్యం కళ్లెదుటే సెర్బుల ఇళ్లు, చర్చిలు తగలబడ్డాయి. 2023 మేలో ఉత్తరాన సెర్బులతో గొడవల్లో నాటో సైనికులే గాయపడ్డారు, అదనపు దళాలు పంపవలసి వచ్చింది. ఉత్తర మిత్రోవిత్సాలో ఇబార్ నది అవతలి ఒడ్డున ఉండే సెర్బును అడిగితే ఆ సైన్యం ఎవరి కోసం ఉందంటాడో ఎదుటి వాళ్లు నిన్ను తప్పకుండా అడుగుతారు. నీకిచ్చే సమయంలో సగం ఆ ఒక్క ప్రశ్నకు అట్టిపెట్టుకో. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఈ నాలుగు రోజులూ కొసావో ఒక్కటే చదువు, మిగతా మూడూ పక్కన పెట్టేయ్.